వర్చువల్‌బాక్స్ 7: ముందువాళ్ల పక్కన నిలబెట్టి చూస్తే

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపాలనుకునేవాళ్లలో ఎక్కువమంది మొదట దించుకునేది వర్చువల్‌బాక్సే. ఉచితం. విండోస్ మీదా లైనక్స్ మీదా మ్యాక్ మీదా ఒకేలా కనిపిస్తుంది. డాస్ నుంచి విండోస్ 11 దాకా దేన్నైనా లోపల పెట్టనిస్తుంది. మొదటి గంటలోనే తిట్లు తినేది కూడా ఇదే. 64 బిట్ గెస్ట్ (లోపల నడిచే సిస్టమ్) జాబితాలో కనబడదు, కనబడితే స్టార్ట్ అవ్వదు, స్టార్ట్ అయితే నత్తలా నడుస్తుంది. వీటన్నిటికీ కారణం ఒకటి కాదు. ఆ కారణాలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే సగం తలనొప్పి అక్కడే పోతుంది. అందుకే 7.0 నుంచి 7.2 దాకా వచ్చిన వర్చువల్‌బాక్స్‌ను ఒంటరిగా కాకుండా, దానికంటే ముందు పుట్టినవాటి పక్కన నిలబెట్టి చూస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. నేర్చుకోవడానికి, నెట్‌వర్క్ ప్రయోగాలకు, లైనక్స్ సర్వర్లను కూడగట్టి ఆడించడానికి మా మొదటి ఎంపిక ఇదే. రోజంతా విండోస్ 11 డెస్క్‌టాప్‌ను వీఎంలోనే (వర్చువల్ మెషిన్, అంటే లోపలి కంప్యూటర్) వాడాలంటే వీఎంవేర్ వర్క్‌స్టేషన్ మెరుగు. విండోస్ ప్రో ఉండి, లోపల నడిచేది స్క్రీన్ అక్కర్లేని సర్వర్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వీ చాలు. విండోస్ 98 కోసమైతే కాస్త ఆగి, ఆ భాగం చదివాక నిర్ణయించుకోండి.

అసలు పేచీ ప్రాసెసర్ దగ్గర మొదలైంది. ఐబీఎం 1972లోనే మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం వీఎం/370 ఇచ్చింది. ఒక యంత్రం మీద ఎన్నో యంత్రాలు నడపాలంటే ప్రాసెసర్‌కు ఏ గుణం ఉండాలో పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లో తేల్చి చెప్పారు: యంత్రం స్థితిని తాకే ప్రతి ఆదేశమూ, తక్కువ అధికారంతో నడిచినప్పుడు ఆగి, పైనుంచి నడిపించే హైపర్‌వైజర్ ప్రోగ్రామ్‌కి కబురు చెయ్యాలి. ఎక్స్86 చిప్ ఈ పరీక్షలో తప్పింది. పెంటియం నాటికి అలా కబురు చెయ్యని ఆదేశాలు 17 ఉన్నట్టు లెక్క తేలింది. వాటిలో అందరూ ఉదాహరణగా చెప్పేది పాప్ఎఫ్. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) స్థాయిలో నడిస్తే అది ఇంటరప్ట్‌లను (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాలను) ఆపగలదు, తిరిగి మొదలుపెట్టగలదు. అదే ఆదేశాన్ని మామూలు ప్రోగ్రామ్ స్థాయిలో నడిపితే ఆ మార్పును చప్పుడు చెయ్యకుండా వదిలేస్తుంది. తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు. గెస్ట్ కెర్నల్ ఇంటరప్ట్‌లు ఆపేశాననుకుంటుంది, అవి మాత్రం వస్తూనే ఉంటాయి. వర్చువల్ యంత్రం కూలడానికి అదొక్కటి చాలు.

1985లో వచ్చిన 80386లో ఇంటెల్ వర్చువల్ 8086 మోడ్ పెట్టింది. విండోస్/386, డెస్క్‌వ్యూ లాంటివి దాన్ని వాడుకుని ఒకేసారి నాలుగైదు డాస్ ప్రోగ్రామ్‌లు నడిపాయి. కానీ అది 16 బిట్ డాస్‌కే పనికొచ్చే గది. పూర్తి 32 బిట్ సిస్టమ్‌ను అందులో పెట్టలేం. మ్యాక్ మీద ఇన్‌సిగ్నియా వాళ్ల సాఫ్ట్‌పీసీ, ఆ తర్వాత 1997లో కనెక్టిక్స్ తెచ్చిన వర్చువల్ పీసీ వేరే దారి పట్టాయి. అక్కడ అసలు చిప్పే వేరు కాబట్టి ఇంటెల్ ఆదేశాలన్నిటినీ తర్జుమా చెయ్యక తప్పలేదు. అది ఎమ్యులేషన్. పని జరుగుతుంది, వేగం మాత్రం అసలు యంత్రంలో కొంతభాగమే మిగులుతుంది.

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ఈ రెంటినీ కలిపింది. డయాన్ గ్రీన్, మెండెల్ రోసెన్‌బ్లమ్, మరో ముగ్గురు 1998లో మొదలుపెట్టిన కంపెనీ అది. గెస్ట్‌లోని మామూలు ప్రోగ్రామ్‌లను నేరుగా ప్రాసెసర్ మీద నడపనిచ్చి, గెస్ట్ కెర్నల్ కోడ్‌ను మాత్రం నడిచే ముందు చదివి, ప్రమాదకరమైన ఆదేశాల స్థానంలో తమ కోడ్ పెట్టేవారు. దీన్ని బైనరీ ట్రాన్స్‌లేషన్ అన్నారు. ఒకసారి మార్చిన ముక్కను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ వాడేవారు కాబట్టి వేగం పోలేదు. సాధ్యం కాదని పక్కన పెట్టేసిన చిప్ మీద, చిప్‌ను ముట్టుకోకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌తో ఇది సాధించారు. పీసీ సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఇంత అందమైన ఇంజనీరింగ్ అరుదు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాం.

వర్చువల్‌బాక్స్ ఇంటిపేరు రెండుసార్లు మారింది. జర్మనీకి చెందిన ఇన్నోటెక్ 2007 జనవరిలో ఓపెన్ సోర్స్ వెర్షన్ విడుదల చేసింది. 2008లో సన్ దాన్ని కొన్నది. 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికి వెళ్లింది. మొదట్లో ఇది కూడా చిప్ సాయం లేకుండానే నడిచేది. గెస్ట్ కెర్నల్‌ను రింగ్ 0 అనే అత్యధిక అధికార స్థాయి నుంచి రింగ్ 1కి దించి, ఇబ్బంది పెట్టే చోట్లను వెతికి అతుకులు వేసేది. కుదరని చోట క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ నుంచి తెచ్చుకున్న రీకంపైలర్‌ను పిలిచేది. ఆ అతుకుల పద్ధతి 32 బిట్ గెస్ట్‌లకే. 64 బిట్ గెస్ట్ కావాలంటే మొదటినుంచీ చిప్ సాయం ఉండాల్సిందే.

ఆ సాయం 2005 నవంబరులో ఇంటెల్ వీటీ-ఎక్స్ రూపంలో, 2006లో ఏఎండీ-వీ రూపంలో వచ్చింది. మొదటి తరం వీటీ-ఎక్స్ అంత గొప్పదేమీ కాదు. గెస్ట్ పేజీ టేబుల్ (మెమరీ చిరునామాల పట్టిక) మార్చిన ప్రతిసారీ బయటికి దూకి లోపలికి రావాలి. ఆ రాకపోకలకే బోలెడు సమయం పోయేది. చాలా పనుల్లో తమ బైనరీ ట్రాన్స్‌లేషనే దీనికంటే వేగంగా ఉందని వీఎంవేర్ ఇంజనీర్లు 2006లో కొలిచి చూపించారు. మెమరీ తర్జుమాను కూడా చిప్పే చూసుకునే నెస్టెడ్ పేజింగ్ ఏఎండీలో 2007లో, ఇంటెల్‌లో 2008 చివర నెహాలెమ్‌తో వచ్చాకే తేడా నిజంగా తెలిసింది. ఇప్పుడు వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ‘నెస్టెడ్ పేజింగ్’ అని ఒక టిక్ కనిపిస్తుందే, అదే ఇది. దాన్ని తీసేయవలసిన సందర్భం దాదాపు ఉండదు. ఉన్న ఒక్క సందర్భం విండోస్ 98 దగ్గర చెబుతాం.

2019 డిసెంబరులో 6.1తో వర్చువల్‌బాక్స్ పాత అతుకుల పద్ధతిని పూర్తిగా తీసేసింది. మొదటి గంట కష్టాల్లో మొదటిది ఇక్కడే పుట్టింది: బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చెయ్యకపోతే ఇప్పుడు ఏ గెస్టూ నడవదు, డాస్ కూడా. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే కింద ‘వర్చువలైజేషన్’ అన్న వరుస ఉంటుంది. డిసేబుల్డ్ అని ఉంటే బయోస్‌కి వెళ్లాలి. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ. ఏఎండీ బోర్డుల్లో మాత్రం ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. చాలామంది ‘వర్చువల్’ అన్న మాట కోసం వెతికి, లేదనుకుని తిరిగొచ్చేస్తారు. వీటీ-డీ అనేది వేరు. అది పరికరాలను నేరుగా గెస్ట్‌కి అప్పగించడానికి. దాన్ని ఆన్ చేస్తే ఈ సమస్య తీరదు.

రెండో కష్టం ఇంతకంటే మొండిది. వీఎం నడుస్తుంది, కానీ విండో అడుగున కుడివైపు ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. దాని అర్థం ప్రాసెసర్ పగ్గాలు వర్చువల్‌బాక్స్ చేతిలో లేవని. హైపర్-వీ మామూలు ప్రోగ్రామ్‌లా విండోస్ పైన కూర్చోదు. విండోస్ కిందకి దూరి, ఆ విండోస్‌నే తన మొదటి గెస్ట్‌గా చేసుకుంటుంది. వీటీ-ఎక్స్ అప్పటికే దాని చేతిలో ఉంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. కాబట్టి వర్చువల్‌బాక్స్ హైపర్-వీని బతిమాలుకుని, దాని ద్వారా పని చేయించుకుంటుంది. నెమ్మదిగా నడవడమే కాదు, కొన్ని గెస్ట్‌లు మధ్యలో గడ్డకట్టుకుపోతాయి కూడా.

‘నేను హైపర్-వీ పెట్టుకోలేదే’ అనడం సహజం. పెట్టుకోకపోయినా ఉంటుంది. డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపల లైనక్స్), విండోస్ శాండ్‌బాక్స్, కొత్త విండోస్ 11 యంత్రాల్లో తయారీలోనే ఆన్ అయి వచ్చే మెమరీ ఇంటెగ్రిటీ, ఇవన్నీ అదే హైపర్‌వైజర్ మీద నిలబడినవే. తీసెయ్యాలంటే వరుస ఇది. ముందుగా ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, విండోస్ శాండ్‌బాక్స్ టిక్‌లు తీసేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, అందులో కోర్ ఐసొలేషన్, అక్కడ మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్ చెయ్యండి. అప్పటికీ తాబేలు పోకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ విలువను ఆఫ్‌కి మార్చండి. చివరగా షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పాత కెర్నల్ స్థితిని దాచిపెట్టి మళ్లీ అదే లేపుతుంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అడుగున ‘ఎ హైపర్‌వైజర్ హ్యాజ్ బీన్ డిటెక్టెడ్’ అన్న వాక్యం ఇంకా ఉంటే పని పూర్తికానట్టే.

దీనికి మూల్యం ఉంది. డబ్ల్యూఎస్ఎల్ 2 ఆగిపోతుంది, దాని మీద ఆధారపడిన డాకర్ డెస్క్‌టాప్ కూడా ఆగిపోతుంది. మెమరీ ఇంటెగ్రిటీ తీసేస్తే కెర్నల్‌కి ఒక రక్షణ పొర తగ్గుతుంది. బ్యాంకు పనులూ ఆఫీసు పనులూ జరిగే యంత్రం మీద కేవలం ఒక ప్రయోగం వీఎం కోసం దాన్ని తీసెయ్యమని మేం చెప్పం. అలాంటి చోట హైపర్-వీనే వాడండి, లేదా వీఎంవేర్ వాడండి. వీఎంవేర్ కూడా 2020లో 15.5.5 నుంచి హైపర్-వీ పైన కూర్చుని నడుస్తోంది. వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ రెండింటిలో హైపర్-వీ మీద తక్కువ కుంటేది వీఎంవేరే.

లైనక్స్ హోస్ట్ (బయటి అసలు యంత్రం) మీద ఇదే గొడవ కేవీఎంతో, అంటే లైనక్స్ సొంత హైపర్‌వైజర్‌తో, వస్తుంది. కెర్నల్ 6.12 నుంచి కేవీఎం మాడ్యూల్ లోడ్ అవగానే, ఏ వీఎమూ నడవకపోయినా, వీటీ-ఎక్స్‌ను తన చేతిలోకి తీసుకుంటుంది. వర్చువల్‌బాక్స్ ‘వీఎంఎక్స్ రూట్ మోడ్’ అంటూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కేవీఎం మాడ్యూల్‌ను దించేస్తే సరిపోతుంది. శాశ్వతంగా కావాలంటే కెర్నల్ బూట్ వరుసలో కేవీఎం వాళ్ల ఎనేబుల్-వర్ట్-ఎట్-లోడ్ ఆప్షన్‌ను 0 చెయ్యాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ కెర్నల్ మాడ్యూల్స్‌కు సంతకం కూడా ఉండాలి. ఇన్‌స్టాల్ సమయంలో పాస్‌వర్డ్ అడిగి, రీస్టార్ట్‌లో నీలం తెర మీద ‘ఎన్‌రోల్ ఎంఓకే’ అంటుందే, ఆ తెరను దాటేస్తే మాడ్యూల్ ఎప్పటికీ లోడ్ అవ్వదు.

ఇక అసలు వాడకం. 7.0లో టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ వచ్చాయి కాబట్టి విండోస్ 11ను దొంగదారులు లేకుండా ఇన్‌స్టాల్ చెయ్యొచ్చు. కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, 2 కోర్లు అడుగుతుంది. 4 జీబీతో మొదలవుతుంది గానీ 8 ఇవ్వనిదే వాడబుద్ధి కాదు. ర్యామ్ పట్టీలో ఆకుపచ్చ భాగం దాటకండి. హోస్ట్‌కి ర్యామ్ చాలక డిస్క్ మీదకి పోతే గెస్టూ హోస్టూ కలిసి మునుగుతాయి. కోర్లు ఎక్కువ ఇస్తే వేగం పెరుగుతుందన్నది చాలామంది భ్రమ. అసలు కోర్ల సంఖ్యను మించితే గెస్ట్ కోర్లు ఒకదానికోసం ఒకటి కాచుకుని ఇంకా నెమ్మదిస్తాయి. మామూలు లైనక్స్‌కి 2 చాలు.

అన్‌అటెండెడ్ ఇన్‌స్టాల్ 7.0 నుంచి మొదటి తెరలోనే ఎదురవుతుంది. ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైలు) చూపిస్తే మిగతాదంతా అదే చేసేస్తుంది. దీని మీద మా ఫిర్యాదు గట్టిదే: ఉబుంటులో అది తయారుచేసే యూజర్‌కి సూడో హక్కు (అడ్మిన్ పనులు చేసే అధికారం) ఉండదు. పాస్‌వర్డ్ మార్చకపోతే ‘ఛేంజ్‌మీ’ అనే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాడు మొదటి ఆదేశం దగ్గరే చిక్కుకుంటాడు. ఆ తెరలోనే అన్‌అటెండెడ్ ఇన్‌స్టాలేషన్ వద్దని చెప్పి చేత్తో ఇన్‌స్టాల్ చేసుకోవడమే మంచిది.

గెస్ట్ అడిషన్స్ (గెస్ట్ లోపల వేసే డ్రైవర్లు, పనిముట్లు) లేకుండా వీఎం సగం వీఎమే. స్క్రీన్ సైజు మారడం, క్లిప్‌బోర్డ్, షేర్డ్ ఫోల్డర్లు అన్నీ దానిమీదే ఆధారం. లైనక్స్ గెస్ట్‌లో దాన్ని నడిపేముందు కంపైలర్, మేక్, నడుస్తున్న కెర్నల్‌కి సరిపోయే హెడర్స్ ఉండాలి. ముందు సిస్టమ్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ అయ్యాకే హెడర్స్ వెయ్యండి. లేకపోతే కొత్త కెర్నల్ హెడర్స్ వచ్చి, పాత కెర్నల్ నడుస్తూ, మాడ్యూల్ కట్టడం విఫలమవుతుంది. షేర్డ్ ఫోల్డర్ కనబడుతుంది గానీ తెరుచుకోవట్లేదంటే యూజర్‌ను వీబాక్స్ఎస్ఎఫ్ గ్రూపులో చేర్చలేదని అర్థం. చేర్చాక లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. స్క్రీన్ నల్లగా ఉండిపోతే గ్రాఫిక్స్ కంట్రోలర్ చూడండి: లైనక్స్ గెస్ట్‌కి వీఎంఎస్‌వీజీఏ, విండోస్ గెస్ట్‌కి వీబాక్స్ఎస్‌వీజీఏ.

నెట్‌వర్క్ భాగం వర్చువల్‌బాక్స్‌కి పెద్ద బలం. మొదట ఉండేది నాట్, అంటే గెస్ట్ హోస్ట్ చాటున నెట్‌కి వెళ్లే పద్ధతి. అందులో గెస్ట్‌కి 10.0.2.15 వస్తుంది, గేట్‌వే 10.0.2.2. పక్కపక్కన రెండు వీఎంలు పెడితే రెండింటికీ అదే చిరునామా వస్తుంది. ఒకదానికొకటి కనబడవు. ఎందుకంటే ప్రతి వీఎంకీ వేరే నాట్ యంత్రం. అవి మాట్లాడుకోవాలంటే ‘నాట్ నెట్‌వర్క్’ అన్న వేరే రకం తీసుకోవాలి. హోస్ట్ నుంచి గెస్ట్‌లోకి ఎస్ఎస్‌హెచ్ (కమాండ్ లైన్‌తో లాగిన్) కావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్‌లో హోస్ట్ 2222ను గెస్ట్ 22కి కలపండి. హోస్ట్-ఓన్లీలో (హోస్టూ గెస్ట్‌లూ మాత్రమే మాట్లాడుకునే రకం) 192.168.56 వరుస మొదటినుంచీ ఉంటుంది. లైనక్స్, మ్యాక్ హోస్ట్‌ల మీద 6.1.28 నుంచి వేరే వరుస పెడితే నిరాకరిస్తుంది. ఈటీసీ కింద వీబాక్స్ ఫోల్డర్‌లో నెట్‌వర్క్స్.కాన్ఫ్ ఫైలు సృష్టించి అందులో అనుమతి రాయాలి. పాత పాఠాలు చూసి చేసేవాళ్లు ఇక్కడే ఆగిపోతుంటారు. బ్రిడ్జ్ మోడ్ (గెస్ట్ నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లో కనిపించే రకం) కేబుల్ మీద చక్కగా పనిచేస్తుంది. వైఫై మీద నమ్మకం లేదు, ఎందుకంటే ఒక కార్డు నుంచి రెండు మ్యాక్ చిరునామాలు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్లు, ఆపిల్ మ్యాక్ కాదు) రావడాన్ని యాక్సెస్ పాయింట్ ఒప్పుకోదు.

వీఎంను క్లోన్ చేస్తే కొత్త మ్యాక్ చిరునామాలు ఇవ్వమని చెప్పండి. చెప్పినా రెండు ఉబుంటు క్లోన్లకు ఒకే ఐపీ రావచ్చు. ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి అవి చూపించే గుర్తింపు మ్యాక్ నుంచి కాదు, గెస్ట్ లోపలి మెషిన్-ఐడీ నుంచి పుడుతుంది. ఆ ఫైలును ఖాళీ చేసి రీస్టార్ట్ చేస్తే కొత్తది వస్తుంది.

డిస్కుల దగ్గర ఒక మాట గట్టిగా చెప్పాలి: స్నాప్‌షాట్ (వీఎం ఒక క్షణంలో ఉన్న స్థితి) బ్యాకప్ కాదు. స్నాప్‌షాట్ తీసుకున్న క్షణం నుంచి మూల వీడీఐ (వర్చువల్‌బాక్స్ డిస్క్) ఫైలు కదలదు, మార్పులన్నీ పక్కన వేరే ఫైల్లో పడతాయి. మూలం పాడైతే దానిమీద పేర్చిన స్నాప్‌షాట్లన్నీ పోతాయి. స్నాప్‌షాట్ డిలీట్ చెయ్యడమంటే ఆ మార్పులను కలిపెయ్యడం. దానికి హోస్ట్ డిస్క్‌లో ఖాళీ కావాలి, సమయం కావాలి. మధ్యలో చంపకూడదు. ఈ విషయంలో వీఎంవేర్ ఎప్పటినుంచో ముందుంది. 2003లోనే స్నాప్‌షాట్, 2005లో వర్క్‌స్టేషన్ 5తో చెట్టులా కొమ్మలేసే బహుళ స్నాప్‌షాట్లు ఇచ్చింది. ఇప్పటికీ దాని స్నాప్‌షాట్ మేనేజర్ చూడగానే అర్థమవుతుంది.

పెరిగిన వీడీఐ తనంతట తాను తగ్గదు. గెస్ట్‌లో ఫైళ్లు తుడిచినా ఆ బ్లాకుల్లో పాత డేటా ఉంటుంది కాబట్టి అది ఖాళీ అని వర్చువల్‌బాక్స్‌కి తెలియదు. విండోస్ గెస్ట్‌లో ఎస్‌డిలీట్‌ను జెడ్ ఆప్షన్‌తో, లైనక్స్‌లో డిస్క్‌ను రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి జీరోఫ్రీతో ఖాళీని సున్నాలతో నింపండి. వీఎం ఆపి, వీబాక్స్‌మేనేజ్‌లో మాడిఫైమీడియం ఆదేశాన్ని కాంపాక్ట్ ఆప్షన్‌తో నడపండి. వీఎంవేర్ రకం వీఎండీకే డిస్కుల మీద ఇది పనిచెయ్యదు. డిస్క్ ఫైలును మామూలుగా కాపీ చేసి జోడిస్తే ‘యూయూఐడీ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్’ అంటుంది. కాపీ కాదు, క్లోన్‌మీడియం వాడాలి.

లైసెన్స్ సంగతి ఆఫీసులో వాడేవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. మూల ప్యాకేజీ జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్), ఎక్కడైనా వాడొచ్చు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేరు. అది వ్యక్తిగత, విద్యా అవసరాలకే ఉచితం. 7.0 నుంచి యూఎస్‌బీ 2, యూఎస్‌బీ 3 మూల ప్యాకేజీలోకి వచ్చేశాయి. ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌లో ముఖ్యంగా మిగిలినవి రిమోట్ డెస్క్‌టాప్, డిస్క్ ఎన్‌క్రిప్షన్, వెబ్‌క్యామ్ లాంటివి. అవి అక్కర్లేకపోతే దాన్ని దించకండి.

ఇప్పుడు పాత సిస్టమ్‌లు. డాస్ నడిపితే ఒక కోర్ పూర్తిగా 100 శాతం మండుతుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది. పనిలేనప్పుడు ప్రాసెసర్‌ను హెచ్ఎల్‌టీ ఆదేశంతో పడుకోబెట్టడం డాస్‌కి తెలియదు. అది కీ నొక్కుతారా అని చూస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఎంఎస్-డాస్‌లో డాస్‌ఐడిల్, ఫ్రీడాస్‌లో ఎఫ్‌డీఏపీఎం వేస్తే ఇది తగ్గుతుంది. విండోస్ ఎక్స్‌పీకి డిస్క్‌ను ఐడీఈ కంట్రోలర్ మీద, నెట్‌వర్క్ కార్డును పీసీనెట్ ఫాస్ట్ 3 మీద పెట్టండి. రెండింటి డ్రైవర్లూ ఎక్స్‌పీ సీడీలోనే ఉన్నాయి. సాటా మీద పెడితే సెటప్‌కి హార్డ్‌డిస్క్ కనబడదు.

విండోస్ 98 దగ్గర వర్చువల్‌బాక్స్ నిజంగా బలహీనం. దానికి గెస్ట్ అడిషన్స్ లేవు, ఎప్పుడూ లేవు. ఇన్‌స్టాల్ అయ్యాక 16 రంగుల తెరతో మిగులుతారు. వీబీఈఎంపీ అనే సార్వత్రిక డిస్‌ప్లే డ్రైవర్ వేస్తే రంగులొస్తాయి. ఇంకా మెరుగైన సాఫ్ట్‌జీపీయూ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇప్పుడుంది, 3డీ కూడా ఇస్తుంది. ర్యామ్ 256 ఎంబీ ఇవ్వండి. 512 దాటితే దాని డిస్క్ క్యాష్ చిరునామా స్థలాన్నంతా తినేసి, ర్యామ్ ఎక్కువైనందుకే ‘మెమరీ చాలదు’ అంటుంది. ఎక్కువ ఇవ్వక తప్పకపోతే సిస్టమ్.ఐఎన్ఐలో వీక్యాష్ భాగంలో మ్యాక్స్‌ఫైల్‌క్యాష్‌కి హద్దు పెట్టాలి. సౌండ్ బ్లాస్టర్ 16ను ఎంచుకుంటే విండోస్ దాన్ని తనంతట తాను కనిపెట్టదు. యాడ్ న్యూ హార్డ్‌వేర్‌లో చేత్తో చేర్చి పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1, 5 ఇవ్వాలి.

అన్నీ సరిగా చేసినా కొత్త రైజెన్, కొత్త ఇంటెల్ చిప్‌ల మీద ఇన్‌స్టాల్ మధ్యలో ప్రొటెక్షన్ ఎర్రర్లతో కూలుతుంది. తప్పు వర్చువల్‌బాక్స్‌ది కాదు. విండోస్ 9ఎక్స్ పేజీ టేబుల్‌ను మార్చాక కొన్నిచోట్ల టీఎల్‌బీని (చిప్ గుర్తుపెట్టుకునే చిరునామాల జాబితాను) తుడవడం మరిచిపోయింది. ఆనాటి చిప్‌లలో ఆ తప్పు బయటపడలేదు. ఇప్పటివి పాత చిరునామాలను ఎక్కువసేపు గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి బయటపడుతోంది. ప్యాచర్9ఎక్స్ అనే చిన్న పనిముట్టు ఆ ఫైళ్లను సరిచేస్తుంది. దాని ఫ్లాపీ ఇమేజ్‌తో బూట్ చేసి, సెటప్ మొదటి భాగం అయ్యాక నడపాలి. పైన చెప్పిన ఆ ఒక్క సందర్భం ఇదే: ప్యాచ్ వెయ్యలేని స్థితిలో నెస్టెడ్ పేజింగ్ టిక్ తీసేస్తే నెమ్మదిగానైనా నడుస్తుంది.

మైక్రోసాఫ్ట్ 2003లో కనెక్టిక్స్ నుంచి వర్చువల్ పీసీని కొన్నాక, 2006లో దాన్ని ఉచితం చేసింది. అందులో విండోస్ 98కి సొంత అడిషన్స్ ఉండేవి. ఎస్3 ట్రయో వీడియో కార్డును, సౌండ్ బ్లాస్టర్‌ను అనుకరించేది కాబట్టి సీడీలో ఉన్న డ్రైవర్లతోనే తెర, శబ్దం వచ్చేవి. 2009లో విండోస్ 7తో ఎక్స్‌పీ మోడ్‌గా చివరిసారి కనిపించి, విండోస్ 8 నాటికి హైపర్-వీకి చోటిచ్చి తప్పుకుంది. పాతవాటి మీద అంత శ్రద్ధ ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ దగ్గర కనబడలేదు. ఇప్పుడు ఆ స్థానంలో వీఎంవేరే ఉంది. పాత విండోస్‌ల కోసం దాని టూల్స్ పాత ఐఎస్ఓ ఇంకా దొరుకుతుంది, ఎస్‌వీజీఏ డ్రైవర్ 98లో ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. 98 కోసమే అయితే వీఎంవేర్ తీసుకోండి.

వీఎంవేర్‌ను 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కొన్నది. 2024 మేలో వర్క్‌స్టేషన్ ప్రో వ్యక్తిగత వాడకానికి, అదే ఏడాది నవంబరులో వ్యాపారానికి కూడా ఉచితమైంది. గ్రాఫిక్స్‌లో వర్చువల్‌బాక్స్ దాని దరిదాపుల్లోకి రాలేదు. వర్చువల్‌బాక్స్ 7 కొత్త 3డీ దారి తెచ్చినా కిటికీలు లాగేటప్పుడు తడబాటు తెలుస్తూనే ఉంటుంది. దించుకోవడానికి బ్రాడ్‌కామ్ పోర్టల్‌లో ఖాతా తెరవాలి, అది ఓపిక పరీక్ష. లైనక్స్ హోస్ట్ మీద కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా వీఎంమాన్, వీఎంనెట్ మాడ్యూల్స్ కట్టడం విఫలమవుతుంటుంది. అక్కడ వర్చువల్‌బాక్స్ వాళ్లే త్వరగా సర్దుకుంటారు.

హైపర్-వీ విండోస్ హోమ్‌లో రాదు. ప్రోలో వస్తుంది. వీఎం చేసేటప్పుడు జనరేషన్ 1, 2 అని అడుగుతుంది, తర్వాత మార్చలేం. విండోస్ 8, ఆ తర్వాతి 64 బిట్ విండోస్‌లకీ కొత్త లైనక్స్‌కీ 2, ఎక్స్‌పీ లాంటి పాతవాటికి 1. లైనక్స్ బూట్ కాకపోతే సెక్యూర్ బూట్ టెంప్లేట్‌ను మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సర్టిఫికెట్ అథారిటీకి మార్చండి. డిఫాల్ట్ స్విచ్ చిరునామాల వరుస హోస్ట్ రీస్టార్ట్ అయినప్పుడు మారిపోతుంది. స్థిరమైన ఐపీ కావాలంటే సొంత ఇంటర్నల్ స్విచ్ చేసుకోవాలి. యూఎస్‌బీ పరికరాన్ని నేరుగా ఇచ్చే వీలు లేదు.

ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌ల మీద వర్చువల్‌బాక్స్ 7.1 నుంచి నడుస్తుంది గానీ ఆర్మ్ చిప్‌ల కోసం చేసిన గెస్ట్‌లే. పాత ఎక్స్86 విండోస్ అక్కడ కావాలంటే యూటీఎం అనే యాప్ ద్వారా క్యూఈఎంయూ ఎమ్యులేషన్‌కే వెళ్లాలి, 1997లో మ్యాక్ వాడేవాళ్లు పడ్డ నెమ్మదితోనే.

పాత వర్చువల్ పీసీ డిస్కులు ఇంకా దాచుకున్నవాళ్లకు ఒక సౌకర్యం: ఆ వీహెచ్‌డీ ఫైళ్లను వర్చువల్‌బాక్స్ నేరుగా తెరుస్తుంది. ముందు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. వీలైతే పాత యంత్రంలోనే వర్చువల్ పీసీ అడిషన్స్ తీసేయండి. కొత్త వీఎంలో ఆ డిస్క్‌ను ఐడీఈకే తగిలించండి. ఎక్స్‌పీ 7బీ నంబరు నీలం తెరతో ఆగితే దానికి కొత్త ఐడీఈ కంట్రోలర్ డ్రైవర్ తెలియదని అర్థం. పాత చోటే ఒకసారి బూట్ చేసి మెర్జ్‌ఐడీఈ రిజిస్ట్రీ ఫైలు నడిపి తీసుకొస్తే లేస్తుంది. పాత చోటు ఇక లేకపోతే ఎక్స్‌పీ సీడీతో రిపేర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి. లేచాక యాక్టివేషన్ మళ్లీ అడుగుతుంది, దానికి ప్రొడక్ట్ కీ దగ్గర పెట్టుకుని కూర్చోండి.